అట్ట మీద లేని పేరు: హార్డీ బాయ్స్ రాసిన లెస్లీ మెక్‌ఫార్లేన్

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీకు ఇష్టమైన రచయిత ఒకరి గురించి మాట్లాడండి అని నన్ను పిలిచారు. నేను ఎంచుకున్న రచయిత పేరు ఈ గదిలో చాలామంది విని ఉండరు. ఆయన పుస్తకాలు మాత్రం మీలో కొందరైనా చదివే ఉంటారు. పేరు లెస్లీ మెక్‌ఫార్లేన్. కెనడా దేశస్థుడు. 1902లో పుట్టారు, 1977లో పోయారు. హార్డీ బాయ్స్ అనే కుర్ర డిటెక్టివ్‌ల కథల వరుసలో మొదటి ఇరవై ఐదు పుస్తకాల్లో పందొమ్మిది ఆయన రాసినవే. వాటిలో ఒక్కదాని అట్ట మీద కూడా ఆయన పేరు లేదు.

నా చిన్నతనంలో మా ఊళ్లో బస్టాండు వెనక ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. డిటెక్టివ్ నవలలు, పాత వారపత్రికలు, వాటి మధ్య ఒక అరలో అట్టలు నలిగిన ఇంగ్లిషు పుస్తకాలు. రోజుకు పావలా అద్దె. నాకు ఇంగ్లిషు నిజంగా పట్టుబడింది ఆ అర దగ్గరే. తెలియని మాట వస్తే దాన్ని దాటుకుని ముందుకు పోయేవాణ్ణి, ఎందుకంటే ఫ్రాంక్, జో అనే ఆ అన్నదమ్ములిద్దరూ ఏ చీకటి గుహలోనో ఇరుక్కుని ఉండేవారు, వాళ్లు బయటపడితే తప్ప నాకు అన్నం సహించేది కాదు. అట్ట మీద రచయిత పేరు ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ అని ఉండేది. ఆయనకు ఉత్తరం రాద్దామని నోటుపుస్తకంలో చిత్తుప్రతి కూడా సిద్ధం చేసుకున్నాను. చిరునామా తెలియక అది అలాగే ఉండిపోయింది. డిక్సన్ అనే మనిషి ఈ భూమ్మీద ఎప్పుడూ లేడని నలభై ఏళ్లు దాటాక గానీ నాకు తెలియలేదు.

కాబట్టి ముందు ఆ పేరును పుట్టించిన మనిషి సంగతి చెప్పాలి. ఆయన ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్. 1862లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఎలిజబెత్ పట్టణంలో పుట్టారు. ఈనాడు మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉంటున్న ఎడిసన్‌కు అది ఎంతో దూరం కాదు. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబం, పొగాకు వ్యాపారం. సరుకు చుట్టి ఇచ్చే గోధుమరంగు కాగితం మీద ఆయన రాసిన కథ ఒకటి 1889లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చే పిల్లల పత్రికలో అచ్చయింది. దానికి 75 డాలర్లు వచ్చాయి. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. 1899లో రోవర్ బాయ్స్ అని ముగ్గురు అన్నదమ్ముల సాహస కథలు మొదలుపెట్టారు. అది ఆర్థర్ ఎం. విన్‌ఫీల్డ్ అనే కలంపేరుతో. ఈ రంగంలో నువ్వు గెలుస్తావురా అనే అర్థం వచ్చేలా 'విన్‌ఫీల్డ్' అని తల్లి సూచించిందట. మధ్యలో ఉన్న 'ఎం' మిలియన్‌కు గుర్తు, అన్ని ప్రతులు అమ్ముడుపోవాలని ఆశ. అమ్ముడుపోయాయి కూడా.

స్ట్రాటెమేయర్ చాలా తొందరగా రెండు విషయాలు పసిగట్టారు. ఒకటి వెల. అప్పట్లో పిల్లల నవల డాలరో, డాలరుంపావో పలికేది. తాతో, మేనత్తో క్రిస్మస్‌కు కొనిపెడితేనే పిల్లవాడి చేతికి వచ్చేది. అదే పుస్తకం అర డాలరుకు వస్తే పిల్లవాడే తన జేబులోంచి తీసి కొనుక్కుంటాడు. 1906 ప్రాంతం నుంచి ఆయన అర డాలరు పుస్తకాలు వేయించి బజారును ముంచెత్తారు. రెండోది, ఒక్క మనిషి చేతితో అన్ని పుస్తకాలు రాయడం సాధ్యం కాదు. అందుకని స్ట్రాటెమేయర్ సిండికేట్ అనే ఒక సంస్థ పెట్టారు. కథ ఆయన ఆలోచిస్తారు. ఏ అధ్యాయంలో ఏం జరగాలో రెండు మూడు పేజీల్లో టైపు చేయిస్తారు. దాన్ని ఒక ఘోస్ట్ రైటర్‌కు, అంటే వేరే పేరు మీద రాసిపెట్టే రచయితకు, పంపుతారు. అతను కొన్ని వారాల్లో నవల రాసి పంపిస్తాడు. చెక్కు అందుతుంది. హక్కులన్నీ వదులుకున్నట్టు, ఈ సంగతి ఎవరికీ చెప్పనన్నట్టు కాగితం మీద సంతకం పెడతాడు. అంతటితో ఆ పుస్తకంతో అతని రుణం తీరిపోతుంది. రాయల్టీ అనే మాటే లేదు.

టామ్ స్విఫ్ట్ అనే కుర్ర ఆవిష్కర్త కథల వరుస ఇలాగే వచ్చింది, 1910లో. అట్ట మీద విక్టర్ యాపిల్టన్, అసలు రాసింది ఎక్కువగా హోవార్డ్ గారిస్. ఈనాడు పోలీసులు వాడే టేజర్ అనే కరెంటు తుపాకి ఉంది చూడండి, దాని పేరు ఆ వరుసలోని ఒక పుస్తకం పేరులోని మాటల మొదటి అక్షరాల నుంచి తీసుకున్నదే. చిన్నప్పుడు చదివిన కథ మనిషిని ఎంత కాలం వదలదో చూడండి. నాన్సీ డ్రూ అనే అమ్మాయి డిటెక్టివ్ కథల వరుస కూడా ఈ సంస్థదే, 1930లో వచ్చింది. మొదటి పుస్తకాలు రాసింది మిల్డ్రెడ్ వర్ట్ అనే అమ్మాయి. ఆమె గురించి ఇంకో రోజంతా మాట్లాడవచ్చు.

ఇక్కడ గ్రంథాలయాల వాళ్లు కూర్చున్నారు కాబట్టి ఒక మాట చెప్పక తప్పదు. ఈ పుస్తకాలను అందరికంటే గట్టిగా వ్యతిరేకించింది గ్రంథాలయాలే. 1914లో అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ గ్రంథాలయాధికారి ఫ్రాంక్లిన్ మాథ్యూస్, ఈ చవక పుస్తకాలు కుర్రవాళ్ల మెదళ్లను పేల్చేస్తున్నాయని శీర్షికలోనే చాటుతూ ఒక వ్యాసం రాశారు. చాలా గ్రంథాలయాలు వాటిని అరల్లోకి రానివ్వలేదు. మాథ్యూస్ చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేను అనుకోను. పిల్లల మీద ప్రేమతోనే అన్నారు. అయినా ఆయన పొరబడ్డారని నా గట్టి నమ్మకం. పిల్లవాడికి చదివే అలవాటు అబ్బేది మంచి పుస్తకం చేతికిచ్చినప్పుడు అని మనం అనుకుంటాం. నిజానికి అది అబ్బేది పక్క పేజీ తిప్పకుండా ఉండలేని పుస్తకం దొరికినప్పుడు. మంచి చెడ్డలు తర్వాత వాడే తేల్చుకుంటాడు. మా ఊరి అద్దె షాపులో నాతో పాటు నిలబడ్డ పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు సాహిత్యం పాఠాలు చెబుతున్నారు.

సరే, మెక్‌ఫార్లేన్ దగ్గరకు వద్దాం.

ఆయన అంటారియో రాష్ట్రంలో కార్ల్‌టన్ ప్లేస్ అనే చోట పుట్టారు. పెరిగింది ఉత్తరాన ఉన్న హెయిలీబరీలో. తండ్రి బడి ప్రధానోపాధ్యాయుడు. అది వెండి గనుల ప్రాంతం, పెద్ద సరస్సు ఒడ్డున ఊరు, గడ్డకట్టే చలికాలాలు. బడి అయిపోయాక చుట్టుపక్కల ఊళ్ల పత్రికల్లో విలేకరిగా పనిచేశారు. అక్కడి నుంచి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి అక్కడి దినపత్రికలో చేరారు. మనసులో మాత్రం నవలా రచయిత కావాలని ఉంది. 1926లో పత్రికల వాళ్లు చదివే ఒక వారపత్రికలో చిన్న ప్రకటన కనబడింది: ప్రచురణకర్త ఇచ్చే కథాసంగ్రహాల ఆధారంగా రాయడానికి అనుభవమున్న కల్పనా రచయిత కావలెను. అంతే. ఆయన జవాబు రాశారు. అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు.

మొదట అప్పగించింది డేవ్ ఫియర్‌లెస్ అనే సముద్ర గజ ఈతగాడి కథలు. పుస్తకానికి 100 డాలర్లు. ఆ చెక్కుల మీద నమ్మకంతో పత్రిక ఉద్యోగం మానేసి సొంత ప్రాంతానికి తిరిగి వచ్చేశారు. సడ్‌బరీ దగ్గర రామ్సే సరస్సు ఒడ్డున చిన్న కొయ్య ఇంట్లో టైప్‌రైటర్ పెట్టుకుని కూర్చున్నారు. ఆ దృశ్యం నాకు ఎంతో ఇష్టం. బయట సరస్సు నీళ్లు, లోపల ఒక కుర్రాడు తాను ఎప్పుడూ చూడని సముద్రపు లోతుల్లో సొరచేపలతో పోరాటాలు రాస్తున్నాడు. రాసింది ఎవరి పేరుతో వస్తుందో తెలుసు, తన పేరుతో రాదనీ తెలుసు.

తర్వాత స్ట్రాటెమేయర్ కొత్త ఆలోచనతో ఉత్తరం రాశారు. ఆ ఏళ్లలో అమెరికాలో పెద్దవాళ్లు డిటెక్టివ్ నవలలు విరగబడి చదువుతున్నారు. అలాంటివే కుర్రవాళ్లకు ఎందుకు ఉండకూడదు? పేరుమోసిన డిటెక్టివ్ ఫెంటన్ హార్డీ కొడుకులిద్దరు, సముద్రతీరాన బేపోర్ట్ అనే ఊరు. ఈసారి పుస్తకానికి 125 డాలర్లు. స్ట్రాటెమేయర్ పద్ధతి ప్రకారం మూడు పుస్తకాలు ఒకేసారి బజారులోకి రావాలి. మూడూ 1927లో వచ్చాయి. ప్రచురణ గ్రాసెట్ అండ్ డన్‌లప్.

లెక్క కట్టి చూశాను. అర డాలరు పుస్తకం కాబట్టి 125 డాలర్లంటే రెండు వందల యాభై ప్రతుల వెల. ఆ తర్వాత ఆ వరుస పుస్తకాలు కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. రాసిన మనిషికి ముట్టింది మాత్రం రెండు వందల యాభై ప్రతుల వెల.

నేను ఇవాళ మీ ముందు నిలబడి చెప్పదలచుకున్నది ఈ డబ్బు సంగతి కాదు. సంతకం ఆయన తెలిసే పెట్టారు, ఆ ఒప్పందంలో తనను మోసం చేశారని ఎప్పుడూ వాపోలేదు. నన్ను కదిలించేది వేరు. హార్డీ బాయ్స్ మొదలుపెట్టే ముందు ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. చివరి రోజుల్లో, 1976లో, రాసిన స్వీయచరిత్రలో ఆ సంగతి చెప్పుకున్నారు. ఇచ్చే డబ్బు ఒకటే. వేగంగా కొట్టి పారేసినా అంతే, మనసు పెట్టి రాసినా అంతే. పేరు ఎలాగూ ఉండదు. వేగంగా రాస్తే ఎక్కువ పుస్తకాలు, ఎక్కువ చెక్కులు. డేవ్ ఫియర్‌లెస్‌ను అలాగే లాగించేశారు. కానీ ఈ ఇద్దరు కుర్రవాళ్లకు అంతకంటే మంచి రాత దక్కాలని ఆయనకు అనిపించింది. నాణ్యత వైపే మొగ్గారు. అడిగినవాళ్లు లేరు. అదనంగా ఒక్క డాలరు రాలేదు.

ఆ మనసు పెట్టడం అంటే ఏమిటో ఒక పుస్తకం పట్టుకుని చూపిస్తాను. మొదటి పుస్తకం, 'ది టవర్ ట్రెజర్'. టవర్ మాన్షన్ అనే పెద్ద భవంతిలో నగలు, బాండ్లు పోతాయి. యజమాని హర్డ్ యాపిల్‌గేట్, తపాలా బిళ్లలు సేకరించే ముసలాయన. నేరం ఆ ఇంట్లో పనిచేసే రాబిన్సన్ మీద పడుతుంది, ఎందుకంటే సరిగ్గా ఆ రోజుల్లోనే అతను ఒక అప్పు తీర్చాడు, డబ్బు ఎక్కడిదో చెప్పడు. ఉద్యోగం పోతుంది. అతని కొడుకు హార్డీ కుర్రవాళ్ల స్నేహితుడు, చదువులో ముందుండేవాడు. ఆ అబ్బాయి బడి మానేసి కిరాణా దుకాణంలో పనికి కుదురుతాడు.

చిన్నప్పుడు చదివినప్పుడు నేను దొంగ కోసమే పేజీలు తిప్పాను. పెద్దయ్యాక చదివితే నా కళ్లు ఆ కిరాణా దుకాణం దగ్గర ఆగిపోయాయి. సాహస కథలో ఒక పిల్లవాడు బడి మానేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ కథలో అన్నిటికంటే బరువైనది అదే. ఫ్రాంక్, జో దొంగను పట్టుకోవాల్సింది బహుమతి కోసమే అయితే మనకు అంత ఆత్రం ఉండదు. ఆ స్నేహితుడు మళ్లీ బడికి రావాలి. ఆ ఆత్రం మనలో కలిగింది ఆ కుటుంబం ఇరుకింట్లోకి మారడం, ఆ ఇంట్లో వాళ్ల ముఖాలు మనకు కనిపించేలా రాయడం వల్ల.

చివరికి దొంగ ఆసుపత్రిలో చనిపోతూ, సొమ్ము పాత టవర్‌లో దాచానని చెబుతాడు. అందరూ భవంతి బురుజులు తవ్వినంత పని చేస్తారు. ఏమీ దొరకదు. ఆ టవర్ భవంతిది కాదు, రైలు పట్టాల పక్కన పాడుబడ్డ నీళ్ల ట్యాంకు టవర్. ఎంత సులువైన మలుపో చూడండి. పిల్లవాడు తానే కనిపెట్టగలిగేంత సులువు. నేను పన్నెండేళ్ల వయసులో ఆ పేజీకి రాకముందే కనిపెట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకో దృశ్యం. ఆ దొంగ దగ్గరకు పోలీసు అధికారి కాలిగ్, అతని తోడు డిటెక్టివ్ స్మఫ్ రైల్లో బయల్దేరబోతారు. వాళ్లకంటే ముందు ఫెంటన్ హార్డీ చేరాలి, లేకపోతే వాళ్లిద్దరూ అంతా చెడగొడతారు. అప్పుడు ఊళ్లోని కుర్రవాళ్లు ఒక పన్నాగం పన్నుతారు. పండ్ల కొట్టు నడిపే రాకో అనే ఇటలీ మనిషి బల్ల కింద టిక్ టిక్ మనే పెట్టె ఒకటి పెడతారు. బాంబు అని గోల. కాలిగ్, స్మఫ్ పరిగెత్తుకు వస్తారు. వచ్చాక దాన్ని ముట్టుకునే ధైర్యం ఒకరికీ లేదు. తీరా చూస్తే లోపల అలారం గడియారం. ఈలోపు రైలు వెళ్లిపోయింది.

1927లో పిల్లల పుస్తకంలో పోలీసులను ఇలా చూపించడం మామూలు సంగతి కాదు. మెక్‌ఫార్లేన్ కావాలనే చేశారు. పెద్దవాళ్లు చెప్పినంత మాత్రాన, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఎవరూ తెలివైనవాళ్లు అయిపోరని పిల్లలకు తెలియాలని ఆయన అనుకున్నారు. తర్వాత సిండికేట్ నుంచి అభ్యంతరం వచ్చింది, చట్టాన్ని కాపాడేవాళ్లంటే గౌరవం లేకుండా రాస్తున్నారని. పిల్లల పుస్తకాల్లో ఎవరినీ ప్రశ్నించకూడదనే ఈ భయం మన దగ్గరా ఉంది. మన బాలసాహిత్యంలో మాస్టారు ఎప్పుడూ రైటే. పిల్లలు చదవడం మానేశారని బాధపడే ముందు దీని గురించి కూడా ఆలోచించాలి.

అయితే అదే దృశ్యంలో ఒక తప్పు ఉంది, దాన్ని దాచి మెక్‌ఫార్లేన్‌ను పొగడడం నాకు ఇష్టం లేదు. రాకోను ఆయన చూపించిన తీరు. వచ్చీరాని ఇంగ్లిషు, ఉత్తపుణ్యానికి హడలిపోవడం. పరాయి దేశం నుంచి వచ్చి పండ్లు అమ్ముకునే మనిషిని నవ్వులపాలు చేయడానికే ఆ పాత్ర. పోలీసు అధికారిని ఎగతాళి చేయడానికి ధైర్యం కావాలి. పండ్ల బండివాణ్ణి ఎగతాళి చేయడానికి ఏ ధైర్యమూ అక్కర్లేదు. ఒకే పేజీలో రెండూ చేశారాయన. ఆ కాలపు పత్రికల్లో, నాటకాల్లో, అంతటా అదే పద్ధతి అని తెలుసు. తెలిసినా ఆ పేజీ చదివినప్పుడు నాకు కష్టంగానే ఉంటుంది.

1930లో స్ట్రాటెమేయర్ పోయారు. సంస్థ ఆయన కూతుళ్లు హేరియట్, ఎడ్నాల చేతికి వచ్చింది. అప్పటికే ఆర్థిక మాంద్యం. మెక్‌ఫార్లేన్‌కు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పత్రికలకు అమ్మే సొంత కథలకు డబ్బు రావడం గగనమైంది. సిండికేట్ ఇచ్చేది 85 డాలర్లకు పడిపోయింది. ఆయన డైరీలు ఉన్నాయి. వాటిలో ఈ పుస్తకాల మీద విసుగు పేజీ పేజీకీ కనిపిస్తుంది. ఇక రాయనని ఎన్నిసార్లో అనుకున్నారు. ఇంట్లో బొగ్గుకు డబ్బు లేనప్పుడే సరిగ్గా ఉత్తరం వస్తుంది, ఇంకొకటి రాస్తారా అని. కూర్చుని రాస్తారు.

ఇక్కడ నాకు ఒక వింత కనిపిస్తుంది. డైరీలో ఆ పని అంటే అసహ్యం. పుస్తకంలో ఆ అసహ్యం జాడ ఎక్కడా లేదు. గెర్ట్రూడ్ అత్తయ్య ఇంట్లోకి అడుగుపెట్టగానే పిల్లలిద్దరూ సర్దుకుని కూర్చునే ఆ సన్నివేశాలు రాసిన మనిషి, ఆ పూట బొగ్గు ఎలా కొనాలా అని దిగులుపడుతున్నాడని ఏ పిల్లవాడికీ అనుమానం రాదు. ఇక తిండి సంగతి. ఆ పుస్తకాల నిండా తిండే. మధ్యాహ్న భోజనాల బుట్టలు, వేడి వేడి పైలు, ఎప్పుడూ ఆకలేసే బొద్దు స్నేహితుడు చెట్ మోర్టన్. కడుపు నిండా తినడం పిల్లలకు ఎంత ఇష్టమో గుర్తుంచుకుని రాశానని ఆయనే చెప్పారు. మాంద్యం రోజుల్లో ఆ భోజనాల వర్ణనలు చదివిన పిల్లల్లో ఎంతమంది ఖాళీ కడుపుతో చదివారో ఊహించుకోండి.

ఆయన ఆఖరి హార్డీ బాయ్స్ పుస్తకం 1947లో వచ్చింది. అప్పటికే కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో చేరారు. అక్కడ ఎన్నో లఘుచిత్రాలు రాశారు, తీశారు. ఆయన పనిచేసిన 'హెర్రింగ్ హంట్' అనే చేపల వేట చిత్రం ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. తన అసలు జీవితం ఇదేనని ఆయన అనుకునేవారు.

ఆయన కొడుకు బ్రయన్ తర్వాత కెనడాలో పేరున్న హాకీ వ్యాఖ్యాత అయ్యారు. బ్రయన్ చిన్నప్పుడు ఒకరోజు నాన్న పుస్తకాల బీరువాలో వరుసగా పేర్చిన హార్డీ బాయ్స్ పుస్తకాలు చూశాడు. నాన్నా, ఇవి నువ్వు చిన్నప్పుడు చదివావా అని అడిగాడు. చదవడం కాదు, నేనే రాశాను అన్నారు తండ్రి. పిల్లవాడు నోరు తెరిచాడు. బడిలో వాడి స్నేహితులందరూ ఒళ్లు మరిచి చదివే పుస్తకాలవి. ఇన్నాళ్లూ మాకు ఎందుకు చెప్పలేదు? తండ్రి దగ్గర పెద్ద జవాబేమీ లేదు. చెప్పుకోదగ్గ విషయమని ఆయనకు తట్టలేదు. ఆ పుస్తకాలు ఇంకా అమ్ముడుపోతున్నాయని, తన కొడుకు ఈడు పిల్లలు వాటి కోసం కొట్టుకుంటున్నారని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఈ సన్నివేశం తలచుకుంటే నాకు మన చందమామ గుర్తుకొస్తుంది. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, పాతాళదుర్గం: ఈ సీరియళ్ల కోసం నెలంతా ఎదురుచూసిన మనలో, అవి రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని ఎంతమందికి తెలుసు? అలాంటివి పన్నెండు రాశారు. చందమామలో ఈ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. ఆయన 2010లో కన్నుమూశారు. అభిమానులు పూనుకుని ఆ సీరియళ్లను ఆయన పేరుతో పుస్తకాలుగా తెచ్చారు. మెక్‌ఫార్లేన్ పరిస్థితీ, దాసరి గారి పరిస్థితీ ఒకటి కావు. అక్కడ వ్యాపారం, ఇక్కడ ఒక పత్రిక పాటించిన పద్ధతి. కానీ నెలనెలా ఆ కథ కోసం కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లవాడికి రెండుచోట్లా ఒకటే మిగిలింది. కృతజ్ఞత ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఇక నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి. 1959 నుంచి 1973 దాకా సిండికేట్ హార్డీ బాయ్స్ పాత పుస్తకాలను ఒక్కొక్కటిగా తిరగరాయించింది. మొదటి ముప్పై ఎనిమిదీ. జాతులను కించపరిచే రాతలున్నాయని తల్లిదండ్రుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, అది న్యాయమే. రాకో లాంటి పాత్రలు పోవాల్సిందే. కానీ వాటితో పాటు ఏమేమి పోయాయో చూడండి. పుస్తకాలు ఇరవై అధ్యాయాలకు కుదించారు. తీరిగ్గా సాగే వర్ణనలు పోయాయి. బుద్ధిలేని పోలీసులు పోయి బుద్ధిమంతులైన పోలీసులు వచ్చారు. పదహారూ పదిహేనేళ్ల అన్నదమ్ములు పద్దెనిమిదీ పదిహేడేళ్ల వాళ్లయ్యారు. పుస్తకాల పేర్లు అవే. లోపలి వాక్యాలు వేరు. మెక్‌ఫార్లేన్‌కు ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఒప్పందం ప్రకారం లేదు కదా. చాలాకాలానికి ఎవరో చెబితే గానీ తన పుస్తకాలు మాయమయ్యాయని ఆయనకు తెలియలేదు.

ఈ సంగతి చదివిన రోజు నా దగ్గరున్న పాత ప్రతి తీసి చూశాను. అద్దె షాపు మూసేసేటప్పుడు యజమాని నాకు ఉచితంగా ఇచ్చిన ప్రతి. కాపీరైటు పేజీలో 1959 అని ఉంది. నేను పన్నెండేళ్ల వయసులో గుండెలకు హత్తుకున్న పుస్తకంలో మెక్‌ఫార్లేన్ వాక్యాలు దాదాపు లేనట్టే.

న్యూజెర్సీలో ఉండే మా మేనకోడలు పాత పాఠాన్ని పునర్ముద్రించిన ప్రతి ఒకటి సంపాదించి పంపింది. రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చదివాను. కొత్తదానిలో కథ పరిగెడుతుంది. పాతదానిలో కుర్రవాళ్లు మోటారు సైకిళ్లు ఆపుకుని సముద్రం వైపు చూస్తారు. స్నేహితులు ఒకరినొకరు ఆట పట్టించుకుంటారు, ఎక్కడికీ పోవాల్సిన తొందర లేని మాటలు మాట్లాడుకుంటారు. సిండికేట్ పంపిన రెండు మూడు పేజీల సంగ్రహంలో ఆ కబుర్లు ఉండి ఉండవు. వాటిలో కథకు పనికొచ్చేది ఏమీ లేదు. స్నేహం అంటే ఏమిటో తెలిసేది మాత్రం అక్కడే. తిరగరాసినవాళ్లు ముందుగా తీసేసిందీ వాటినే. మా మేనకోడలి కొడుక్కి తొమ్మిదేళ్లు. ఫోనులో ఆ పాత పాఠం రోజుకొక అధ్యాయం చదివి వినిపించాను. రాకో వచ్చిన చోట ఆగి, ఇలా ఎందుకు రాశారో వాడితో మాట్లాడాను. వాడు కాసేపు ఆలోచించి, తాతయ్యా, ఆ పండ్లాయనకు కూడా మనలాగే ఇంట్లో వేరే భాష ఉంది కదా అన్నాడు.

1977లో మెక్‌ఫార్లేన్ పోయినప్పుడు పత్రికలు ఆయన్ను హార్డీ బాయ్స్ రచయితగానే తలచుకున్నాయి. సినిమాలు కాదు, సొంత నవలలు కాదు. అమెరికాలో ఆ మొదటి మూడు పుస్తకాల 1927 నాటి పాఠానికి 2023 జనవరి 1తో కాపీరైటు తీరిపోయింది. అక్కడ ఇప్పుడు వాటిని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అట్ట మీద ఆయన పేరు వేసి మరీ. ఆ సంతకం పెట్టించుకున్న కాగితం ఇక అడ్డు రాదు.

మా మేనకోడలు పంపిన ఆ ప్రతిని ఈరోజు ఈ గ్రంథాలయానికి ఇస్తున్నాను. అట్ట మీద ఫ్రాంక్లిన్ డబ్ల్యూ. డిక్సన్ అనే ఉంది. లోపలి పేజీలో ఆ పేరు కింద పెన్సిల్‌తో లెస్లీ మెక్‌ఫార్లేన్, హెయిలీబరీ, అంటారియో అని తెలుగులో రాశాను. గ్రంథాలయ పుస్తకం మీద రాతలు రాయకూడదని నాకు తెలుసు. లైబ్రేరియన్ గారిని ముందే అడిగాను, రాయమన్నారు. పిల్లల విభాగంలో, కిటికీ పక్కన రెండో అరలో పెడతామన్నారు.